తిరగేసిన ఇల్లు

మా ఇల్లు కట్టిన కొత్తలో రెండు నెలలపాటు తిరగబడి ఉండేదంటే ఎవరూ నమ్మరు. తిరగబడటమంటే కప్పు కిందికీ నేల పైకీ అని కాదు. చొక్కా తిరగేసి తొడుక్కుంటే కుట్లన్నీ బయటికి కనబడతాయి చూడండి, అలాగన్నమాట. లోపలికి వెళ్తే గోడలు అద్దంలా నున్నగా, లేత ఆకుపచ్చ రంగులో మెరిసిపోతుండేవి. బయటి నుంచి చూస్తే చెక్క చట్రాలు, అడ్డబద్దలు, బోల్టులు, సుద్దతో రాసిన అంకెలు. ఆ ఇల్లు కట్టింది మా నాన్న. రాజమహళ్లు, జమీందారు లోగిళ్లు, కోర్టు హాళ్లు, ఆసుపత్రి వార్డులు ఎన్నో కట్టిన చెయ్యి ఆయనది. అన్నీ సినిమాలకే.

నాన్న సెట్లు వేసే వడ్రంగి. ఎనభైల మధ్యలో షూటింగులు ఒక్కొక్కటే హైదరాబాదు వైపు వస్తుంటే, మద్రాసులో సామాను సర్దుకుని ఆయన వెనకే మేమూ వచ్చాం. అమ్మ, నేను, రెండు ట్రంకుపెట్టెలు, ఒక కిరసనాయిలు స్టవ్వు. రహమత్ నగర్‌లో ఒక గది, దానికి అంటుకుని వంటకు ఇంత జాగా అద్దెకు దొరికింది. ఇంటావిడ పైన ఉండేది. మంచిదే, కానీ ఆవిడ చెవులు మాత్రం మా గదిలోనే ఉండేవి.

"ఏందమ్మా, గోడకు మేకు కొడ్తున్నరా? గట్ల కొట్టొద్దని ముందే చెప్పిన గద" అని మెట్ల మీద నుంచే కేక. క్యాలెండరు తగిలించుకుందామని అమ్మ చేతిలోకి తీసుకున్న సుత్తి మళ్లీ పెట్టెలోకి పోయేది. ఇద్దరు చుట్టాలు వస్తే, "మీ ఇంటికి సుట్టాలు జర జాస్తి వస్తున్నరు. నల్లా నీళ్లు యాడికెల్లి తేవాలె నేను?" అనేది. అమ్మ విననట్టు స్టవ్వు దగ్గరికి వెళ్లిపోయేది. రాత్రి అన్నం వడ్డిస్తూ నాన్నతో మాత్రం, "ఏవండీ, ఊరందరికీ ఇళ్లు కడతారు. మనకంటూ నాలుగు గోడలు కట్టలేరా? మేకు కొట్టుకుంటే ఎవరూ కేకెయ్యని గోడలు?" అనేది. ఈ మాట నెలకోసారైనా వినేవాళ్లం. వినగా వినగా నాన్నకు అది పప్పులో ఉప్పు తక్కువైందన్న మాటలాగే అయిపోయింది. నాకు మాత్రం విన్న ప్రతిసారీ ఒళ్లు మండేది. అమ్మ మీద కాదు, నాన్న మీద.

చివరికి ఆయనకు ఒక దారి దొరికింది. నాన్న పనిచేసే కంపెనీ నిర్మాతగారికి ఫిల్మ్‌నగర్ అవతల రాళ్లగుట్ట వాలులో ఒక స్థలం ఉండేది. అప్పట్లో అక్కడ స్థలం కొన్నానంటే జనం జాలిగా చూసేవారు. ముళ్లపొదలు, ఏనుగులంత బండలు, వాటి మధ్య మేకలు. ఆయన నాన్నను పిలిచి, "స్థలం ఊరికే వదిలేస్తే ఎవడో ఒకడు గుడిసె వేసేస్తాడయ్యా. ఆ వేసేదేదో నువ్వే వేసుకో. కానీ ఇటుక మాత్రం పెట్టకు. ఇటుక పెడితే రేపు నిన్ను లేపడానికి నాకు మనసొప్పదు" అన్నారట. ఆ చివరి మాట నాన్న మాకు చాలా రోజుల వరకూ చెప్పలేదు. ఇటుక పెట్టకూడదని మాత్రం చెప్పాడు.

ఇటుక లేకుండా ఇల్లు కట్టడం నాన్నకు కొత్తా? ఆయన జన్మలో ఇటుకతో కట్టింది లేదు. విప్పేసిన సెట్ల చెక్క, ప్లైవుడ్ తుక్కు కింద అడిగి తెచ్చుకునేవాడు. ఆదివారాలు రహమత్ నగర్ సందులోనే కూర్చుని చట్రాలు బిగించేవాడు. మనిషి కంటే ఎత్తు, మంచమంత వెడల్పు. ఒక్కో చట్రానికి ఒకవైపు ప్లైవుడ్ కొట్టి, రెండోవైపు అడ్డబద్దలు వేసి, బోల్టు కన్నాలు తొలిచి, వెనక సుద్దతో ఒక అంకె. వాటిని ముక్కలనేవాడు. "ఇల్లంటే ఇరవై రెండు ముక్కలే. మొదటి దాని పక్కన రెండోది, రెండో దాని పక్కన మూడోది. అంతకంటే ఏముంది?" అనేవాడు. సందులోని పిల్లలందరికీ మా ఇంటి అంకెలు కంఠతా వచ్చేశాయి. ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి, "మీ ఆయన ఇల్లు కడ్తున్నడా, బొమ్మరిల్లు కడ్తున్నడా?" అని అమ్మను అడిగేది. అమ్మ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది, ఎందుకంటే అంతకుముందు ఆవిడ ముందు అమ్మ నవ్వగా నేను చూడలేదు.

ఒక ఉదయం ముక్కలన్నీ లారీ ఎక్కాయి. సెట్ల దగ్గర నాన్నతో పనిచేసేవాళ్లు నలుగురు వచ్చారు. పదింటికి మొదలుపెడితే భోజనాల వేళకు ఇల్లు నిలబడింది. పైన రేకులు, కింద చదును చేసిన నేల, ముందొక గది, వెనక వంటిల్లు. అమ్మ పాలు పొంగించింది. పాలు పొంగుతుంటే చూడకుండా గోడను అరచేత్తో నిమురుతూ నిలబడింది. ఆ ఆకుపచ్చ రంగు ఆవిడ కోరి వేయించుకున్నది.

"ఇక్కణ్ణుంచి కూడా ఎవరైనా పొమ్మంటే?" అని అడిగింది నాన్నను.

"పొమ్మంటే ఇల్లు కూడా మనతోనే వస్తుందే. ఇక నిన్నెవరూ అద్దె ఇంట్లో కూర్చోబెట్టలేరు" అన్నాడు నాన్న. ఆ మాట ఆయన అన్నాడు, అమ్మ నమ్మింది, నేనూ నమ్మాను.

మర్నాటి నుంచే తమాషా మొదలైంది. గుట్ట మీద నడకకు వచ్చేవాళ్లు మా ఇంటిని చూసి ఆగేవారు. చట్రాలు, బద్దలు, అంకెలు కనబడేసరికి ఇది ఏదో సెట్టు వెనకభాగం అనుకుని, ముందుభాగం చూద్దామని చుట్టూ తిరిగేవారు. ఒక పక్క వెనక, ఇంకో పక్క వెనక, మూడో పక్కా వెనకే. ఇల్లంతా ప్రదక్షిణం చేసి మళ్లీ మొదటికి వచ్చి తెల్లమొహం వేసేవారు. ఒకావిడ అయితే వాకిట్లో బియ్యం ఏరుకుంటున్న అమ్మను, "షూటింగు ఎప్పుడండీ? హీరో వస్తాడా?" అని అడిగింది. "వస్తాడండీ, ఆరింటికి సైకిల్ మీద" అంది అమ్మ. అలా అనగలిగిందంటే ఆ రోజుల్లో ఆవిడ ఎంత సంతోషంగా ఉండేదో చూడండి.

అంత అనుభవం ఉన్న మనిషి ఇల్లు తిరగేసి ఎందుకు కట్టాడని నన్ను చాలామంది అడిగారు. సెట్టులో కెమెరా లోపల ఉంటుంది. లోపలి వైపు నున్నగా ఉండాలి, బయటి వైపు ఎవరికీ అక్కర్లేదు. అక్కడ నిలబడి లైట్లబ్బాయిలు బీడీలు తాగుతారంతే. ఇరవై ఏళ్లు అలాంటి గోడలే కట్టినవాడి చెయ్యి, తన ఇల్లు కట్టుకునేటప్పుడు మాత్రం వేరేగా ఎలా కడుతుంది? పైగా సెట్టు మీద పడే వానకు మీట ఉంటుంది. కట్టెయ్యమంటే కట్టేస్తారు.

జూన్‌లో అసలు వాన వచ్చింది. బయటివైపున్న ప్రతి అడ్డబద్ద మీదా నీళ్లు నిలిచాయి. నిలిచిన నీళ్లు ప్లైవుడ్‌లోకి దిగాయి. రెండో రోజుకు అమ్మ ఆకుపచ్చ గోడలు పూరీల్లా పొంగాయి. నాన్న తడుస్తూ ఇంటి చుట్టూ తిరిగి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇంటికి బయట కూడా ఒకటి ఉంటుందని మర్చిపోయానే" అన్నాడు. ఆయన గొంతు విని నాకు కోపం పోయి భయం వేసింది. అమ్మ ఏడవలేదు. గిన్నెలు ట్రంకుపెట్టెలో పెట్టడం మొదలుపెట్టింది. మళ్లీ రహమత్ నగరే అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

"ఆదివారం దాకా ఆగు. తిరగేద్దాం" అన్నాడు నాన్న.

ఆదివారం మళ్లీ ఆ నలుగురూ వచ్చారు. ముందు రేకులు దించారు. తరవాత బోల్టులు విప్పి ఒక్కో ముక్కనూ బయటికి తెచ్చి, ముందుది వెనక్కి తిప్పి నిలబెట్టారు. పొంగినచోట చెక్కి, నూనె రంగు పట్టించారు. గోడలన్నీ విప్పేసిన ఆ రెండు గంటలూ అమ్మ ఆకాశం కింద బండరాయి మీద స్టవ్వు పెట్టుకుని, వాళ్లందరికీ ఉప్మా చేస్తూ కూర్చుంది. తన ఆకుపచ్చ గోడలు ఒకటొకటిగా వీధి వైపుకు మొహం తిప్పుకుంటుంటే చూస్తూనే ఉంది.

"మంచి మొహం వీధికీ, ఎముకలు నాకూనా?" అంది సాయంత్రం లోపలికి వచ్చి. మూడు రోజులు నాన్నతో మాట్లాడలేదు.

నాలుగో రోజు ఏం తోచిందో, వంటింట్లో ఒక అడ్డబద్ద మీద ఉప్పు జాడీ పెట్టింది. సరిగ్గా చెయ్యి చాపితే అందేచోట. దాని పక్కన పోపుల డబ్బా. పైబద్ద మీద పప్పుల డబ్బాలు, కింది బద్ద మీద గరిటెలు. వారం తిరిగేసరికి ముందు గదిలో దువ్వెన, అద్దం, నా పుస్తకాలు, దేవుడి పటాలు అన్నీ బద్దలెక్కాయి. మేకు కొట్టే పనే లేకపోయింది. ఇల్లంతా అలమారే. డబ్బున్నవాళ్లు గోడల్లోకి అలమార్లు కట్టించుకుంటారట, మాకు తప్పు జరిగి వచ్చాయి. నాన్న ప్లైవుడ్ పాత సెట్లది కదా, దాని వెనకవైపున ఏవేవో పాత రంగులుండేవి. ఒకచోట నెమలి తోక, ఒకచోట కోట బురుజు సగం. వంటింటి గోడ మీద నీలం ఆకాశం, అందులో ఒక తెల్లమబ్బు. స్టవ్వు పొగకు ఆ మబ్బు కింది అంచు క్రమంగా నల్లబడింది. "వాన వచ్చేలా ఉంది" అని అమ్మ అన్నప్పుడల్లా కిటికీ వైపు చూడాలో, గోడ వైపు చూడాలో తెలిసేది కాదు.

ఆ ఇంట్లో ఆరేళ్లున్నాం. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఎండాకాలం రేకుల కింద ఉడికిపోయేవాళ్లం. మధ్యాహ్నాలు తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చునేవాళ్లం. చలికాలం బోల్టు కన్నాల్లోంచి గాలి ఈలలు వేసేది. అయినా అమ్మ అంత గొంతెత్తి మాట్లాడటం, ఎవరొచ్చినా ఉండి భోంచేసి వెళ్లమనడం నేను ఆ ఇంట్లోనే చూశాను. తరవాత ఎన్ని ఇళ్లలో ఉన్నా నాకు ఇల్లంటే అదే. ఇప్పటికీ కల్లో ఇల్లు వస్తే ఆ బద్దలే వస్తాయి.

ఈలోగా గుట్ట మారిపోయింది. బండలు పేల్చారు, రోడ్లు వేశారు. చుట్టూ బంగళాలు లేచాయి. మేకలు ఎటు పోయాయో పోయాయి. ఒకనాడు నిర్మాతగారు కారు దిగి మా వాకిట్లో బండ మీద కూర్చున్నారు. వరసగా ఆయన సినిమాలు పోయాయని మాకూ తెలుసు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగడం అయ్యాక కూడా ఖాళీ గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

"ఎప్పటికి బాబుగారూ?" అని అమ్మే అడిగింది.

"నెలాఖరుకమ్మా" అన్నారాయన తలెత్తకుండా.

విప్పడానికి ఒక్క పూట పట్టింది. నాన్న పనితనం ఎంత గొప్పదంటే, ఒక్క బోల్టు కూడా మొరాయించలేదు. ఇల్లు లారీ ఎక్కింది. ఆ లారీ ఎటు వెళ్లాలన్నదే తెలియలేదు. ఆ నెలంతా నాన్న మోతీనగర్, బోరబండ, ఎర్రగడ్డ అవతల ఇంకా ఎక్కడెక్కడికో సైకిల్ మీద తిరిగి వచ్చాడు. ఇరవై రెండు ముక్కలు నిలబెట్టుకునేంత నేల కోసం. ఎక్కడ అడిగినా వాళ్లు చెప్పిన ధర మాకు ఇంకో భాషలా వినబడింది. ఈమధ్య పేపర్లలో ప్రకటనలు చూస్తున్నాను. ఫ్యాక్టరీలో గోడలు తయారుచేసి, లారీలో తెచ్చి, మీ స్థలంలో రెండు రోజుల్లో ఇల్లు నిలబెడతారట, సామాన్యులకు అందుబాటులో అట. మా నాన్న సగం రోజులో నిలబెట్టాడు బాబూ, అనాలనిపిస్తుంది. ఆ ప్రకటనలో 'మీ స్థలంలో' అన్న ముక్క దగ్గరే పేపరు మడిచేస్తాను.

ముక్కలు ఒక స్టూడియో గోడౌనుకు వెళ్లాయి. మేము రహమత్ నగర్ వెళ్లాం, అదే ఇంటికి. ఇంటావిడ ఈసారి మెట్లు దిగి వచ్చింది. "రా బిడ్డా, ఏం ఫికర్ చెయ్యకు" అని అమ్మ చెయ్యి పట్టుకుంది. తరవాత అడిగింది, "ఇల్లు ఏడ వెట్టిన్రు?"

"గోడౌన్లో ఉందక్కా. చోటు దొరకగానే తెచ్చుకుంటాం" అంది అమ్మ.

ఆ మాట రెండేళ్లు చెప్పింది. పాలవాడికి, పక్కింటివాళ్లకు, నా కాలేజీ స్నేహితురాళ్లకు. మేం అద్దెకున్నవాళ్లం కాదు, ఇల్లు గోడౌన్లో ఉన్నవాళ్లం. వాన పడిన ప్రతిసారీ నాన్నను అడిగేది, "అక్కడ తడవట్లేదు కదా?" నాన్న చెప్పులు వెతుక్కుంటూనో, బనీను విడుస్తూనో, "లేదే, లోపలే ఉంది" అనేవాడు. ఆయన అమ్మ మొహం వైపు చూసి ఆ జవాబు చెప్పలేదని నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని.

ఆ రెండో ఏడు ఒక సినిమా బాగా ఆడింది. దానికి నాన్న సెట్లు వేశాడు. ఇంటావిడ చూసి వచ్చి, "మస్తు ఏడ్సిన. నువ్వు గూడ పోయి సూడు" అని అమ్మకు చెప్పింది. నాన్న, "ఏం బాగుండదు, వద్దు" అన్నాడు. తను పనిచేసిన సినిమాను ఆయన అలా అనడం అదే మొదలు. అమ్మ పట్టుబట్టింది. కంపెనీ పాసులున్నాయి కదా అంది. ఒక ఆదివారం ముగ్గురం ఎర్రగడ్డలో మ్యాట్నీకి వెళ్లాం. నాన్న మా పక్కన పంటినొప్పి వచ్చినవాడిలా కూర్చున్నాడు.

విశ్రాంతి తరవాత హీరోయిన్‌కు కష్టాలొచ్చి ఒక పేదగుడిసెలో కాపురం పెట్టింది. స్టవ్వు ముందు కూర్చుని కూర వండుతూ, పక్కకు చూడకుండానే చెయ్యి చాపి, అడ్డబద్ద మీద నుంచి ఉప్పు జాడీ తీసుకుంది. ఆమె తల వెనక నీలం ఆకాశం. అంచు నల్లబడిన మబ్బు.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "మన మబ్బే" అంది, హాలంతా వినబడేలా. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ నవ్వుతోంది. "చూడవే, మన వంటిల్లే. చెక్కు చెదరలేదు. ఏవండీ, మిగతావి కూడా ఇలాగే ఉన్నాయా?"

నాన్న తెర వైపే చూస్తూ, "ఇదొక్కటే మిగిలిందే" అన్నాడు. "మిగతావి కోసేసి ఆర్చీలకీ తలుపులకీ వాడేశారు. ఏడాదైంది. గోడౌన్లో చోటు ఊరికే ఇచ్చినవాళ్లు అడిగితే కాదనలేకపోయాను. మనకు నేల దొరకదని నాకు అప్పటికే తెలిసిపోయింది. నీకు చెప్పడానికే నోరు రాలేదు."

తెర మీద పొద్దు గూకింది, తెల్లారింది. హీరోయిన్ ముగ్గు వేసింది, పాట ఒకటి వచ్చింది. ఆ తరవాత విలన్ మనుషులు వచ్చి గుడిసె పడగొట్టారు. మా వంటింటి గోడకు తాడు కట్టి లాగారు. అది ఒక్కసారి ఊగి, మబ్బుతో సహా ముందుకు పడింది. హాల్లో అందరూ హీరోయిన్ కోసం ముక్కులు చీదుతున్నారు. అమ్మ మాత్రం కళ్లు తుడుచుకోలేదు. రెప్ప వేస్తే ఏదో తప్పిపోతుందన్నట్టు చూస్తూనే ఉంది.

సినిమా అయిపోయింది. జనం లేచారు. నాన్న లేచి నిలబడి, "పదండి" అన్నాడు. అమ్మ కదల్లేదు. ఆవిడ తిడుతుందని, ఏడుస్తుందని, ఇక ఆయనతో ఎప్పటికీ మాట్లాడదని, ఇలా ఎన్నో అనుకున్నాను.

"తరవాతి ఆటకు టిక్కెట్లు తీసుకురండి" అంది నాన్నతో, ఇంట్లో మంచినీళ్లు అడిగినంత మామూలుగా. "అందులో మళ్లీ నిలబడే ఉంటుంది కదా."

జన్మలో సినిమా టిక్కెట్టు కొనని మా నాన్న వెళ్లి క్యూలో నిలబడ్డాడు.